మా చిన్న కారుకు కాపలా

మా కారును ఎవరైనా ఎత్తుకుపోతారా, పోరా అన్న మాట మీద మా ఇంట్లో జరిగినంత చర్చ మా ఆడబిడ్డ పెళ్ళి మీద కూడా జరగలేదు. ఎత్తుకుపోతారని మా వారు. ఎందుకు పోతారని ఊరంతా. నేను ఎటూ చెప్పేదాన్ని కాదు. చెప్పే ఓపిక ఉండేది కాదు.

మా వారు వనపర్తిలో వకీలు. కక్షిదారులు చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఉండేవారు కాబట్టి నాగర్‌కర్నూలు కోర్టు కచేరీకి, అప్పుడప్పుడు గద్వాల కచేరీకి తిరగక తప్పేది కాదు. గద్వాలకైతే రైలు ఉంది. నాగర్‌కర్నూలుకు గుంతల రోడ్డు, ఎడ్లబండి, లేదంటే వస్తే వచ్చి రాకుంటే లేని బస్సు. ఆయన చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడి నడుము దెబ్బతిన్నది. బండిలో వెళ్ళివచ్చిన మర్నాడు మంచం దిగలేకపోయేవారు. ఆ అవస్థ చూసి, బదిలీ మీద హైదరాబాదుకు వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు తన పాత కారును ఆయనకు అమ్మిపోయాడు. జర్మనీవాడి యుద్ధం ఇంకా మొదలుకాలేదు అప్పటికి.

చాలా చిన్న కారు అది. రెండే తలుపులు. ముందు ఇద్దరు సుఖంగా కూర్చోవచ్చు, వెనక ఇద్దరు ఒకరి మీద ఒకరికి కోపం లేకుంటే కూర్చోవచ్చు. పైన గుడ్డ కప్పు. ఊళ్ళో దాన్ని బుడ్డకారు అనేవారు. సంస్థానం వారి పెద్ద కార్లు తప్ప ఇంకో కారు లేని ఊళ్ళో, అది రోడ్డు మీదికి వస్తే మూడు వీధుల అవతల ఉన్నవాళ్ళు కూడా చప్పుడు విని, వకీలుసాబు పోతున్నడు అనుకునేవారు. మొదట్లో ఆయన ముఖం చూస్తే నాకూ సంతోషంగానే ఉండేది. నాగర్‌కర్నూలు వెళ్ళి అదే పూట తిరిగివచ్చి, నడుము నొప్పి లేకుండా కూర్చుని అన్నం తినేవారు.

యుద్ధం వచ్చాక అన్నీ మారాయి. పెట్రోలుకు కూపన్లు పెట్టారు. కూపను ఉన్నా పెట్రోలు ఉండేది కాదు. ఇక టైర్ల సంగతి చెప్పనక్కర్లేదు. కొత్త టైరు అన్నది కంటికి కనబడటం మానేసింది. అరిగిపోయిన పాత టైరు కోసం కూడా ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చేవారు. చెప్పులు కుట్టేవాళ్ళకు కావాలి, బస్సులవాళ్ళకు కావాలి, లారీలవాళ్ళకు కావాలి. ఆ రోజుల్లోనే, హైదరాబాదులో ఎవరో తెలిసిన డాక్టరు కారును దవాఖానా ముందర నుంచి ఎత్తుకుపోయారని మా వారికి ఎవరో చెప్పారు. అంతే. ఆ మాట ఆయన చెవిలో దూరి మళ్ళీ బయటికి రాలేదు.

మా పక్కింట్లో బడి మాస్టరు ఉండేవారు. మంచి మనిషి, మా వారికి స్నేహితుడు. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని ఈ విషయమే మాట్లాడేవారు.

"వకీల్‌సాబ్, జర సోంచాయించుండ్రి. ఎత్తుకపోయినోడు యాడికి పోతడు? గిటు పోతే కొత్తకోట, గటు పోతే నాగర్‌కర్నూలు. యాడ ఆగినా గిది మా వకీలుసాబు కారు గద అని పదిమంది జమైతరు. ఏరు దాటాల్నంటే గా గుండ్రటి తోలు పుట్టిల కారు పడ్తదా? పెట్రోలేమో మీకే దొర్కది, వానికెట్ల దొర్కుతది?"

"కారెవరికి కావాలె మాస్టరూ?" అనేవారు మా వారు. "టైర్లు చాలు. నాలుగు టైర్లు."

ఇద్దరూ నిజమే చెప్పారు. అది నాకు తర్వాత తెలిసింది.

ఇంజను మూత తీస్తే లోపల వేలెడంత నల్లటి ముక్క ఒకటి ఉంటుంది. అది లేకపోతే బండి కదలదట. కారు ఎక్కడ ఆపినా ఆయన ముందు ఆ ముక్క పీకి కోటు జేబులో వేసుకునేవారు. తర్వాత బండిని తిప్పే ఇనుప హ్యాండిలు తీసి నా చేతికి ఇచ్చేవారు. ఖిల్లా ఘణపూర్‌లో ఒక పెళ్ళికి పోయి నేను ఆ హ్యాండిలును తువ్వాలలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తలంబ్రాలు చూశాను. పెళ్ళికూతురి మేనత్త దాన్ని కట్నం వస్తువనుకుని, విప్పి చూపించమంది. ఇంట్లో ఉన్నప్పుడు కారు పక్క పందిట్లో ఉండేది. ముందు చక్రంలోంచి గొలుసు దూర్చి పందిరిని మోసే రాతికూసానికి తాళం వేసేవారు. కచేరీలో వాదిస్తూ మధ్యలో ఆగి కిటికీలోంచి బయటికి చూసేవారట. ఒకరోజు మున్సిఫు గారు, "ముందు మీ కారు చూసి రాండ్రి వకీల్‌సాబ్, మేం కూసుంటం" అన్నారని నవ్వుతూ చెప్పారు నాకు. నవ్వారు కానీ, ఆ నవ్వులో బలం లేదు. నడుము నొప్పి తగ్గించుకుందామని కొన్న వస్తువు ఆయన నిద్ర తీసుకుపోయింది. ఆయన నిద్రపోకపోతే నాకూ నిద్ర ఉండేది కాదు.

అన్ని జాగ్రత్తలు చేసి చేసి, కారు నడిచిన రోజుల కంటే లాగించుకున్న రోజులు ఎక్కువయ్యాయి. ఒకసారి నల్లముక్క ఉన్న కోటు చాకలికి వెళ్ళిపోయింది. ఒకసారి తాళంచెవి బావిలో పడింది. పెట్రోలు అయిపోవడం మామూలే. అప్పుడల్లా మా వెనక సందులో ఉండే ముసలి రైతు తన ఎడ్లను తోలుకుని వచ్చేవాడు. ఆయన భూమి తగాదా మా వారు చూస్తుండేవారు. ఆ చనువు కొద్దీ, పిలవడమే ఆలస్యం, కారుకు మోకు కట్టి, కాడికి బిగించి, ముందు నడుస్తూ లాగించుకుపోయేవాడు. దారంతా మాటలే. ఎడ్లతో మాట్లాడేవాడు, ఎదురొచ్చిన వాళ్ళతో మాట్లాడేవాడు, ఎవరూ లేకపోతే లోపల కూర్చున్న మా వారితో మాట్లాడేవాడు. ఆయన నోట్లో మాట ఆగేది కాదు. ఎడ్లు ముందు, వెనక గొడుగు పట్టుకుని స్టీరింగు ముందర మా వారు. ఊళ్ళో జనం చూసీ చూసీ, చూడటమే మానేశారు.

ఆ సంవత్సరం తొలకరి వానలు పడటానికి ముందు మా చెల్లెలు ఘణపూర్‌లో ప్రసవించింది. నేను అక్కడికి పోయాను. మా వారికి నాగర్‌కర్నూలులో వాయిదా. పెట్రోలు లేదు కాబట్టి బస్సులో వెళ్ళారు. ఇంటికి తాళం, కారుకు తాళం, హ్యాండిలు లోపల పెట్టెలో, నల్లముక్క ఆయన జేబులో. నేను తిరిగి వచ్చింది ఒక మధ్యాహ్నం. బండి దిగి చూస్తే పందిట్లో కారు లేదు. రాతికూసం చుట్టూ తెగిన గొలుసు పడి ఉంది.

గొలుసు చేతిలోకి తీసుకుని చూశాను. అంతలో మాస్టరు గారి భార్య గోడ మీంచి తల పెట్టి, "ఇప్పుడే వస్తున్నవా వదినా? పాప ఎట్లున్నది?" అంది.

"మంచిగున్నది. కారేది?"

"పొద్దుగాల కొత్తకోటకు రిపేరుకు పోయింది గద. ఖాకీ అంగీ ఏస్కొని మేస్త్రి ఒకాయన వచ్చిండు. అన్న బస్సు ఎక్కేటప్పుడు చెప్పి పోయిండంట. తాళంచెవి మళ్ళ పారేస్కున్నడంట గద! కమ్మరాయన్ని పిలిపిచ్చి గొలుసు కోపిచ్చిండు. మన ముసలాయన ఎడ్లే కట్టిన్రు. సందు మలుపుల ఇరుక్కుంటే మా ఇంటాయన గూడ ఒక చెయ్యేసిండు."

ఇంకా చెప్పింది. ఆ మేస్త్రి ఎంత మర్యాదస్తుడో, తాను ఇచ్చిన మజ్జిగ ఎట్లా దణ్ణం పెట్టి తాగాడో. నేను ఊపిరి పీల్చుకున్నాను. తాళంచెవి పారేసుకోవడం, ఎడ్లు కట్టించడం, అన్నీ మా వారి పనులే. స్నానం చేసి కాస్త నడుం వాల్చాను. పందిరి ఖాళీగా ఉంటే ఇంట్లోకి ఎంత గాలి వస్తుందో అప్పుడే చూశాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

సాయంత్రం మా వారు బస్సు దిగి సంచి పట్టుకుని వచ్చారు. వాకిట్లోనే నిలబడిపోయారు.

"కారేది?"

"మీరే పంపిన్రంట గద, కొత్తకోటకు."

ఆయన సంచి కింద పెట్టారు. జేబులో చెయ్యి పెట్టి నల్లముక్కను ఒకసారి తడిమి చూసుకున్నారు. తర్వాత అరుగు మీద కూర్చున్నారు. అరవలేదు, గోల చెయ్యలేదు. ఎన్నాళ్ళుగానో రావలసిన చుట్టం వచ్చి కూర్చున్నట్టు, "అయిపోయింది" అన్నారు, అంతే.

మాస్టరు గారు పరిగెత్తుకు వచ్చారు. జరిగింది విని ఆయన ముఖం నల్లబడిపోయింది. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, తాను చెయ్యి వేసి తోసిన కారు! అక్కడి నుంచి ఇద్దరూ పోలీసు ఠాణాకు వెళ్ళారు. అమీను, అంటే ఠాణా అధికారి, ఫిర్యాదు రాసుకున్నాడు. ఎవరి ఎడ్లు కట్టారని అడిగితే, ఉన్నదే చెప్పారు. దాయవలసిన మాట అని ఎవరికీ తోచలేదు. ముసలాయనను కూడా వాడెవడో మోసం చేసే ఉంటాడని మా వారు మరీ మరీ చెప్పివచ్చారు. గొలుసు కోసిన కమ్మరి ఈ సంగతి తెలియగానే పెళ్ళాంతో సహా అత్తగారి ఊరికి వెళ్ళిపోయాడు.

ముసలాయన మర్నాడు పెబ్బేరు రోడ్డు మీద ఎదురయ్యాడు పోలీసులకు. ఎడ్లను తోలుకుని తాపీగా ఇంటికి వస్తున్నాడట. కొత్తకోట కాదు, గద్వాల నుంచి ఏటి దాకా పెద్ద మేస్త్రి వస్తాడని, అక్కడికే తీసుకుపొమ్మని ఖాకీ అంగీ మనిషి దారిలో మాట మార్చాడు. ముసలాయన పెబ్బేరు మీదుగా బీచుపల్లి దగ్గర ఏటి ఒడ్డు దాకా కారు లాగించి, అక్కడ వదిలి, రాత్రి అక్కడే ఒక గుడిసెలో పడుకుని వస్తున్నాడు. జరిగింది జరిగినట్టు పోలీసులకు ఉత్సాహంగా చెప్పాడట. వాళ్ళు ఆయన్ను, ఎడ్లను కలిపి ఠాణాకు తోలుకొచ్చారు.

మా వారు ఒక జవానుతో ఏటికి వెళ్ళి కారును చూసి వచ్చారు. ఇసుకలో, రాళ్ళ మీద ఎత్తిపెట్టి ఉందట. నాలుగు చక్రాలు లేవు. సీట్లు లేవు. దీపాలు లేవు. పుట్టి నడిపేవాళ్ళను అడిగితే, చక్రాలు గోనెపట్టాల్లో చుట్టుకుని ఎవరో అవతలి ఒడ్డుకు దాటారని చెప్పారు. వాళ్ళు గద్వాలకు పోయారా, రాయచూరుకు పోయారా, అలంపూర్ మీదుగా కర్నూలుకు పోయారా ఎవరికీ తెలియదు. మిగిలిన డొక్కును ఎడ్లబండి మీద వేసి తెద్దామా అని జవాను అడిగాడట.

"తెచ్చి ఏం చెయ్యాలె? మళ్ళ కాపలా కాయాల్నా?" అన్నారట ఈయన.

కథ అంతటితో అయిపోతే బాగుండేది. కారు పోయింది, దానితో బెంగ కూడా పోయింది అనుకునేదాన్ని. కానీ ఠాణాలో ముసలాయన ఉండిపోయాడు.

అమీనుకు అసలు దొంగ దొరకలేదు. దొరికేవాడు కాదని ఆయనకూ తెలుసు. దొరికిన మనిషిని వదిలిపెడితే పైవాళ్ళకు ఏం చెప్పుకోవాలి? మా వారు రోజూ వెళ్ళి, ఆయన అమాయకుడని చెప్పేవారు. అమీను కుర్చీ వేయించేవాడు, చాయ తెప్పించేవాడు. "జర ఆగుండ్రి వకీల్‌సాబ్, విచారణ నడుస్తున్నది" అనేవాడు. కచేరీలో దరఖాస్తు పెట్టారు. తీర్పు చెప్పవలసిన హాకిం గారు సెలవులో ఉన్నారు. ఎడ్లు కూడా కేసులో సొత్తు అట. ఠాణా వెనక ఎండలో కట్టేశారు.

ఇంతలో వాన పడింది. మంచి వాన, నేల లోపలి దాకా తడిసే వాన. మర్నాడు పొద్దున ఊరంతా నాగళ్ళు పట్టుకుని చేన్లకు పోయింది. ముసలాయన భార్య మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఏడవలేదు.

"దొరసానీ, మనిషికి రెండు రొట్టెలు పట్కపోయి ఇచ్చిన. తీస్కున్నరు. ఎడ్లకు గడ్డి పట్కపోతే లోపలికి రానియ్యలె. నీళ్ళన్న పెడ్తున్నరో లేదో. వకీలు దొరతోని ఒక్కసారి అడిగిపియ్యవా, గడ్డి ఎవరెయ్యాల్నో?"

"లోపలికి రా, కూసో" అన్నాను.

"కూసుంట గని, నేల పదును ఆరిపోతది దొరసానీ. జొన్న ఎప్పుడెయ్యాలె మేము?"

లోపలి గదిలో కుర్చీలో ఉన్న మా వారు ఈ మాటలన్నీ విన్నారు. ఆమె వెళ్ళిపోయాక కూడా చాలాసేపు కదల్లేదు. నేను మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

"ఫిర్యాదు లేకపోతే కేసు లేదు" అన్నారు చివరికి. నాతో కాదు, తనలో తను.

"వాపసు తీస్కోరాదుండ్రి."

"పోయిన కారును పోలేదని రాసియ్యాలె. అప్పుడే వదుల్తడు." నేనిచ్చిన నీళ్ళు పక్కకు జరిపారు. "నేను రాసిచ్చిన కాయితాల్ల అబద్ధం ఎన్నడు రాయలె."

అది నిజం. మిగతా వకీళ్ళు దానికే ఆయన్ను వెక్కిరించేవారు.  నాకు అలసటగా ఉంది. కాసేపటికి ఆయన లేచి అంగీ వేసుకుని, "నువ్వు గూడ రా. బండిల కూసో, చాలు" అన్నారు. పెళ్ళయినప్పటి నుంచి తన పని మీద పోతూ నన్ను తోడు రమ్మని అడగడం అదే మొదలు.

ఠాణా కిటికీ పక్కనే బండి ఆపించాం. లోపలి మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"ఇదేం తమాషా వకీల్‌సాబ్? కారు పోయిందని మీరే రాసిస్తిరి. ఇప్పుడు పోలేదంటున్నరు."

"పోలేదు. ఆ మనిషిని నేనే పంపిన. పని ధ్యాసల పడి మర్చిపోయిన."

"మర్చిపోయిన్రా!" అమీను గొంతులో నవ్వు. "చక్రాలు?"

"నేనే ఇప్పిచ్చిన."

"ఎవరికిచ్చిన్రు?"

"అది నా సొంత విషయం."

 తర్వాత అమీను అన్నాడు, "గట్లనే రాసియ్యుండ్రి." కలం గీసుకుపోతున్న చప్పుడు వినిపించలేదు కానీ, ఆయన రాస్తున్నంత సేపు జవాన్లు నవ్వుకోవడం వినిపించింది. బయటికి వచ్చి బండి ఎక్కబోతూ ఒక చేత్తో చక్రం పట్టుకుని నిలబడ్డారు. నడుము పట్టేసింది. నేను చెయ్యి అందిస్తే పట్టుకుని ఎక్కారు.

ఆ సాయంత్రం ముసలాయనను, ఎడ్లను వదిలిపెట్టారు. ఎడ్ల డొక్కలు లోపలికి పోయాయి. మర్నాడు పొద్దున్నే ముసలాయన మా అరుగు దగ్గరికి వచ్చాడు. వచ్చి సంతోషంగా నాలుగు మాటలు చెబుతాడనుకున్నాను. లోపల జొన్నరొట్టె చేస్తున్నదాన్ని చెయ్యి కడుక్కుని వచ్చాను కూడా.

"దొరా, ఒక్క మాట అడగాల్నని వచ్చిన" అన్నాడు.

"అడుగు పెద్దాయనా."

"ఆ ఖాకీ అంగీ ఆయన్ని నువ్వే పంపినవంట గద. జవానోళ్ళు చెప్పిన్రు. నువ్వే రాసిచ్చినవంట."

మా వారు నా వైపు చూశారు. తర్వాత నేల వైపు చూశారు. "ఆ" అన్నారు.

"మరి ఆ మాట ఆ దినమే చెప్తే అయిపోవు గద దొరా? నన్ను ఠాణాల కూసోబెట్టి, నా ఎడ్లను ఎండకు కట్టేపిచ్చి, పదునంత పోగొడితివి. నేనేం చేసిన నీకు? పిలిచినప్పుడల్ల రాలేదా?"

"మర్చిపోయిన పెద్దాయనా. తప్పయింది."

"మర్చిపోయినవా." ముసలాయన ఆ మాటను నోట్లో తిప్పి చూసుకున్నట్టు ఇంకోసారి అన్నాడు. "కారంటే నీకు పాణం గద. దాన్నెట్ల మర్సినవ్?"

 ముసలాయన తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. "ఇయ్యాల్టిసంది నా ఎడ్లు నీ వాకిట్లకు రావు" అని వెళ్ళిపోయాడు.

నేను వెనకాలే వెళ్ళి నిజం చెబుదామని మెట్టు దిగాను. మా వారు చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు. ఆయన నోట్ల మాట ఆగదు. సంతోషం పట్టలేక పొద్దు గూకేలోపల అంగడి అంత చెప్తడు. అమీను చెవిల పడితే మళ్ళ ఆయన్నే లోపలేస్తడు. నేను గూడ పోత."

అది సరైన మాటే. కాబట్టి ఊరుకున్నాం. ఊరుకోవడం ఎంత కష్టమో ఊరుకున్న తర్వాత తెలిసింది. ముసలాయన భూమి కాగితాలు మా దగ్గరి నుంచి తీసుకుపోయి ఇంకో వకీలుకు ఇచ్చాడు. సందులో ఎదురైతే పక్కకు తిరిగి నిలబడేవాడు. వెనకటిలాగా ఎడ్లతో మాట్లాడుతూనే పోయేవాడు గానీ, మా ఇంటి ముందర మాత్రం మాట ఆపేవాడు. ఆ నాలుగడుగుల నిశ్శబ్దం రోజుకు రెండుసార్లు వినేదాన్ని నేను. ఆయన చేను ఆ ఏడు ఆలస్యంగా మొలిచింది, కంకి సరిగా పట్టలేదు.

ఊళ్ళో మా వారిని చూసి నవ్వేవారు. తన కారు చక్రాలు తనే అమ్ముకుని పోలీసులకు ఫిర్యాదు చేసిన వకీలు అని. కొందరు కక్షిదారులు జారుకున్నారు. మాస్టరు గారికి ఒక్కరికే అసలు సంగతి తెలుసు. ఆయన కూడా మాతో పాటు నోరు కట్టుకున్నారు. ఇంకెప్పుడూ మా అరుగు మీద కార్ల ప్రస్తావన తేలేదు. కృష్ణకు ఆ ఏడు పెద్ద వరద వచ్చింది. ఏటి ఒడ్డున ఉన్న డొక్కు దానిలో కొట్టుకుపోయిందని ఎవరో చెబితే, మా వారు విని, అన్నంలో ఇంకొంచెం పప్పు వేయమన్నారు.

ఆయన మళ్ళీ బస్సులెక్కడం మొదలుపెట్టారు. బొగ్గుతో నడిచే బస్సు, ఎత్తు ఎక్కాలంటే దిగి తొయ్యాలి. నడుము నొప్పి ఎక్కువైంది. నిద్ర మాత్రం పట్టేది. కూర్చున్నచోట కూడా నిద్రపోయేవారు, ఎన్నో ఏళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు. ఆయన నిద్రపోతుంటే నేను పక్కన మేలుకుని ఉండేదాన్ని. నాకు అలవాటు తప్పలేదు.

యుద్ధం ముగిసింది. ఆ తర్వాత ఆ అమీనుకు ఎక్కడికో దూరం బదిలీ అయింది. ఆయన సామాను బండ్లు ఊరు దాటిన మర్నాడే మా వారు, "చేనుకు పోయొద్దాం రా" అన్నారు. ఎవరి చేనుకు అని నేను అడగలేదు.

నడిచే వెళ్ళాం. ముసలాయన, భార్య ఆముదపు చేలో కలుపు తీస్తున్నారు. మమ్మల్ని చూసి ఆమె లేచి నిలబడింది. ఆయన లేవలేదు. మా వారు గట్టు మీద కష్టపడి కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆ మనిషి ఎవరో తనకు తెలియదని, ఠాణాలో ఎందుకు అట్లా రాసిచ్చారో, ఎందుకు ఇన్నాళ్ళు చెప్పలేదో, అన్నీ. చెబుతున్నంత సేపు ముసలాయన చేతులు కలుపు తీస్తూనే ఉన్నాయి.

"గట్లనా" అన్నాడు చివరికి.

"గట్లనే పెద్దాయనా."

"నా చెవిల ఒక్క ముక్క ఏస్తే పోవు గద."

"నీ నోట్ల ఆగదు గద."

ముసలాయన భార్య వైపు చూశాడు. ఆమె మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏమో. "ఆగదు" అని ఒప్పుకున్నాడు. "నిజమే, ఆగదు."

కొడవలి పక్కన పెట్టి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు, మా వారికి కాస్త దూరంగా. ఆ రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ ఎవరూ పూర్తిగా చెప్పనిచ్చినట్టు లేరు.

"దారి పొడుగున మాట్లాడుకుంట వచ్చిండు దొరా ఆ మనిషి. ఎడ్ల పళ్ళు చూసిండు, వయసు చెప్పిండు. ఎనకాల గిట్టకు పుండైతే ఏ ఆకు పసరు పొయ్యాల్నో చెప్పిండు. పెబ్బేరు దాటినంక చెట్టు కింద కూసోని ఆయన మూటల రొట్టె విప్పి, సగం నాకు పెట్టిండు. ఏటికాడ పోయేటప్పుడు నా రెండు చేతులు పట్కొని, పైలంగ ఇంటికి పో పెద్దాయనా అన్నడు. నాతోని గంత మంచిగ మాట్లాడిన మనిషి లేడు. దొంగోడని నాకెట్ల తెలుస్తది?"

"ఎవరికి తెల్వదు" అన్నారు మా వారు.

"ఆ పసరు పోస్తే గిట్ట మానింది గూడ."

ఆమె మాకు ముంతతో నీళ్ళు ఇచ్చింది. ఒక ఎద్దు పోయిన ఎండాకాలం చచ్చిపోయిందని, రెండోదాన్ని పక్క రైతు ఎద్దుతో జతకట్టి దున్నుకుంటున్నామని చెప్పింది. ఆ ఎద్దు గురించి ముసలాయన కాసేపు మాట్లాడాడు. మా వారు విన్నారు. భూమి తగాదా ఏమైందని అడిగితే, ఇంకా నడుస్తూనే ఉందన్నాడు. కాగితాలు మళ్ళీ తెచ్చి ఇస్తానని అనలేదు. తెమ్మని ఈయనా అనలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. వాళ్ళు మళ్ళీ చేలోకి దిగారు. మేము లేచాం. రోడ్డెక్కాక మా వారు ఒకచోట ఆగి, కంకరకుప్ప మీద కూర్చుని చెప్పులు విప్పి దులుపుకున్నారు. కొత్తకోట వైపు నుంచి ఒక బస్సు వచ్చింది, నిండా జనం, ఆగలేదు. దుమ్ము తగ్గిందాకా కూర్చుని, లేచి నడిచాం.